బైబిల్ చదివితే భయం పోతుందా? ఒక లైన్‌మన్ జవాబు

"క్రైస్తవులు ధైర్యం కోసం బైబిల్ వాక్యాలు చదువుకుంటారు కదా, నిజంగా భయం పోతుందా? సొంత అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి" అని అడిగారు.

పోదండీ. నాకైతే పోలేదు. కరెంటు పనిలో లైన్‌మన్‌గా చేరి ఇరవై ఏళ్లు కావస్తోంది. ఇవాళ్టికీ పోలు మొదట్లో నిలబడి పైకి చూస్తే అరచేతుల్లో చెమట పడుతుంది. అయినా ఎక్కుతాను. ఆ "అయినా" ఎక్కణ్ణుంచి వచ్చిందో చెబుతాను, కాస్త పొడుగవుతుంది.

2012 ఎండాకాలం దాకా నాకు భయమంటే తెలియదు. అది ధైర్యం అనుకునేవాణ్ణి, నిజానికి బుద్ధిలేనితనం. ఆ మే నెలలో, నాకు పని నేర్పిన పెద్దాయన, నేను అన్నా అని పిలిచే మనిషి, నా కళ్ల ముందే పోలు మీద ప్రాణం వదిలాడు. లైన్ క్లియర్, అంటే కరెంటు ఆపేశాం పని చేసుకోవచ్చన్న అనుమతి, తీసుకున్నది ఒక ఫీడరుకి (సబ్‌స్టేషన్ నుంచి వచ్చే లైనుకి), ఆ పోలు మీద ఉన్నవి రెండు ఫీడర్లు. అంతే. ఎవరి తప్పు అన్నది కాగితాల మీద చాలాకాలం నడిచింది, దాని జోలికి పోను. నాకు బాగా గుర్తున్నది ఆయన చెప్పు. ముందు అదే కింద పడింది. నీలం పట్టీల హవాయి చెప్పు. బూట్లు ఎండకి ఉడుకుతున్నాయని ఆ రోజు వేసుకోలేదు. మనిషిని దించడానికి ఇరవై నిమిషాలు పట్టింది, అంతసేపూ నేను ఆ చెప్పు చేతిలో పట్టుకుని నిలబడి ఉన్నాను.

ఆ తర్వాత నాకు పోలు ఎక్కే పని పడితే కడుపునొప్పి వచ్చేది. సాకు కాదు, నిజంగానే వచ్చేది. సెలవులు పెట్టాను. ఫ్యూజులు వేసే పని, బిల్లు బకాయిల పని అడిగి మరీ చేశాను. తోటివాళ్లకి తెలిస్తే నవ్వుతారని ఎవరికీ చెప్పలేదు. మా పనిలో "నాకు భయంగా ఉంది" అన్న మాట నోట్లోంచి వస్తే ఇక ఆ పేరే స్థిరపడిపోతుంది.

మా నాయనమ్మ అప్పటికి బతికే ఉంది. ఎనభై దాటినా ఇంట్లో ఎవరు ఏం దాస్తున్నారో ఇట్టే కనిపెట్టేది. "నీది కడుపునొప్పి కాదురా అబ్బయ్యా, జడుపు జ్వరం" అంది. చిన్నపిల్లలు చీకట్లో దేన్నో చూసి జడుసుకుంటే మా వైపు అలా అంటారు. అలాంటప్పుడు చాలా ఇళ్లలో తాయెత్తు కట్టిస్తారు. ఆమె నా తల మీద చెయ్యి పెట్టి, బైబిల్లో దేవుణ్ణి గొర్రెల కాపరి అనే ఇరవై మూడో కీర్తన చెప్పింది. చదువు రాదు. చిన్నప్పుడు మిషను బడి అరుగు మీద కూర్చుని విని విని నోటికి పట్టించుకున్న కీర్తన అది. "గాఢాంధకారపు లోయలో" అనడానికి నోరు తిరక్క "గాడాంద కారపు లోయిలో" అనేది. చిన్నప్పుడు నేను అది కారం లోయ అనుకునేవాణ్ణి.

ఆమె గురించి ఇంకొంచెం చెప్పాలి. మాది ఒంగోలు దగ్గర పల్లె. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ కాలం. అంతకుముందు మహా కరువులో ఆయన బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టుకు తీసుకుని జనానికి కూలి చూపించాడు. గంజి కోసం మతం పుచ్చుకున్నారన్న మాట రాకూడదని ఆ కరువు కాలంలో బాప్తిస్మాలు ఆపేశాడు కూడా. అయినా ఆ మాట ఇప్పటికీ అంటూనే ఉన్నారు, అది వేరే గొడవ. ఆ 2,222 మందిలో మా వాళ్లున్నారని నాయనమ్మ గట్టి నమ్మకం. రిజిస్టరు నేను చూడలేదు గాని నాకూ అదే నమ్మకం.

నాయనమ్మ లెక్కలో నీళ్లలో మునగడం సులువు. అసలు భయమంతా తడి బట్టలు ఆరాక, ఊళ్లోకి తిరిగొచ్చాక. చచ్చిన గొడ్డు మాంసం తినం, జాతరకి డప్పు కొట్టం, ఆదివారం పనికి రాం అని మాదిగపల్లె మనిషి పెద్దల అరుగు ముందు నిలబడి చెప్పాలి. చెప్పారు. పని మానిపించారు, నీళ్లు తోడుకోనివ్వలేదు, కొట్టారు. "వాళ్లకి భయం వెయ్యలేదా నాయనమ్మా?" అని అడిగితే, "ఎందుకు వెయ్యదూ? కాళ్లు వణికే ఉంటాయి. ఆ వణికే కాళ్లతోనే పోయి చెప్పొచ్చారు" అనేది.

మా నాయనమ్మకి తెలిసిన ఈ చిన్న సంగతి పెద్ద పెద్ద ప్రసంగీకులకి ఎందుకు తెలియదో నాకు అర్థం కాదు. నేను భయంతో నలిగిపోతున్న రోజుల్లో ఒక ఉజ్జీవ కూటానికి వెళ్లి ప్రార్థన చేయించుకున్నాను. ఆ దైవజనుడు నుదుటికి నూనె రాసి, మైకు పట్టుకుని, "భయం అవిశ్వాసం! భయం పాపం!" అని గర్జించాడు. మైదానం నిండా జనం. అంతకుముందు నాకు కరెంటంటే ఒక్కటే భయం. ఆ రాత్రి నుంచి, భయపడుతున్నాను కాబట్టి దేవుడు నన్ను వదిలేశాడేమోనని ఇంకో భయం పట్టుకుంది. సిలువకి ముందు రాత్రి గెత్సేమనే తోటలో యేసు ప్రభువే "మిగుల విభ్రాంతి నొందుటకును చింతాక్రాంతుడగుటకును ఆరంభించెను" అని మార్కు రాశాడు కదా, మరి ఆయనా పాపం చేసినట్టేనా అని అడగాలని చాలా రోజులు అనిపించింది. అడగలేదు. అప్పుడు నాకు అంత ధైర్యం ఎక్కడిది?

ఇంకో చిరాకు. బైబిల్లో "భయపడకుము" అని సరిగ్గా 365 సార్లు ఉందట, రోజుకొకటి చొప్పున. ప్రతి జనవరి ఒకటిన వాట్సాప్‌లో వస్తుంది. ఎవరూ లెక్కపెట్టరు. నేను ఒక సెలవులో పెన్సిలు పట్టుకుని కూర్చున్నాను, ఆ అంకె దరిదాపులకి కూడా రాలేదు. లీపు సంవత్సరంలో ఫిబ్రవరి 29న మాత్రం భయపడొచ్చేమో మరి. కొత్త ఏడాదికి దేవుడి మాట అని ఒక్కో వాక్యం రాసి పంచే వాగ్దాన కార్డుల సంగతి అయితే చెప్పనే అక్కర్లేదు. ఆ ఏడాది డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో పళ్లెంలోంచి నేను తీసిన కార్డు మీద "గొడ్రాలా, పిల్లలు కననిదానా, జయగీతమెత్తుము" అని ఉంది. యెషయా 54. మీసాలున్న లైన్‌మన్‌ని, ఇద్దరు పిల్లల తండ్రిని. మా ఆవిడ చర్చిలోనే కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

సరే, హుద్‌హుద్ తుపానుకి వస్తాను.

2014 అక్టోబరు 12, ఆదివారం. తుపాను విశాఖ దగ్గర తీరం దాటింది. నగరం, చుట్టుపక్కల ఊళ్లు చీకటైపోయాయి. అన్ని జిల్లాల నుంచీ లైన్‌మన్లను పంపారు. మా జట్టుకి భీమిలి వైపు పల్లెలు పడ్డాయి. బస్సు దిగేసరికి పోళ్లు వరసగా ఒకే వైపుకి పడుకుని ఉన్నాయి, కోత కోసిన చేనులాగా. బడి వరండాలో పడక, పొట్లాల్లో పులిహోర. పొద్దున్న గుంతలు తవ్వడం, పోళ్లు నిలబెట్టడం, తీగ లాగడం. అలసటకి భయం కూడా మొద్దుబారింది. నిజం చెప్పాలంటే ఆ వారం నేను హాయిగానే ఉన్నాను, ఎందుకంటే ఏ తీగలోనూ కరెంటు లేదు.

దాదాపు వారం గడిచాక ఓ సాయంత్రం. ఊరి బయట ట్రాన్స్‌ఫార్మర్ పక్కన, 11 కేవీ (పదకొండు వేల వోల్టుల) లైను మీద జంపర్లు, అంటే తీగల్ని కలిపే ముక్కలు, బిగించాలి. అది అయిపోతే మర్నాటికి ఊరికి కరెంటు ఇవ్వొచ్చు. జనం మూగారు. "ఏటి బాబూ, రేపటికైనా వస్తాదా?" అని ఓ ముసలమ్మ నా చొక్కా పట్టుకుంది. చీకటి పడుతోంది. మా మీదున్న సారుకి పైనుంచి ఫోన్ మీద ఫోన్. లైన్ క్లియర్ ఉంది. ట్రాన్స్‌ఫార్మర్‌ని లైను నుంచి విడదీసే ఏబీ స్విచ్ తుపానుకి వంకరపోయి తెరుచుకోవడం లేదు. తీగలో కరెంటు ఉందో లేదో చెప్పే వోల్టేజి డిటెక్టరు బ్యాటరీ అయిపోయి మూడు రోజులు. అయితేనేం, సబ్‌స్టేషన్ దాకా సగం తీగే లేదు, కరెంటు ఆకాశంలోంచి వస్తుందా? "ఎక్కవయ్యా, చూస్తావేం" అన్నాడు సారు నాతో.

పోలు మీద చెయ్యి వేశాను. సిమెంటు చల్లగా ఉంది. అంతే, ఆ నీలం పట్టీల చెప్పు కళ్లముందుకి వచ్చింది. మోకాళ్లు వణకడం మొదలుపెట్టాయి, ప్యాంటు కదలడం నాకే కనిపిస్తోంది. వెనక జనం. సారు గడియారం చూసుకుంటున్నాడు. ఆ క్షణంలో ప్రార్థన చేశానని గొప్పగా చెప్పను, ప్రార్థనకి మాటలు రాలేదు. నోటికి వచ్చింది నాయనమ్మ కీర్తనే, ఆమె యాసలోనే. గాడాంద కారపు లోయిలో నేను సంచరించినను ఏ అపాయమునకు భయపడను, నీవు నాకు తోడై యుందువు, నీ దుడ్డుకర్రయు నీ దండమును...

దుడ్డుకర్ర దగ్గర ఆగిపోయాను.

వ్యాన్ మీద తాళ్లతో కట్టి ఉన్నాయి ఎర్త్ రాడ్లు. పొడుగాటి కర్రలు, కొనకి కొక్కెం, దాన్నుంచి నేలలోకి దిగే తీగ. ఎక్కబోయే ముందు కిందనుంచే ఆ కొక్కేన్ని లైనుకి తగిలిస్తే, తీగలో ఏదైనా కరెంటు ఉంటే భూమిలోకి పోతుంది. ఉద్యోగంలో చేరినప్పుడు నేర్పే మొదటి పాఠం అది. పని ఒత్తిడిలో అందరం ఎగ్గొట్టే మొదటి పాఠం కూడా అదే. ఆ వారమంతా ఎవరూ వాటిని విప్పనే లేదు, చచ్చిన లైనుకి ఎర్త్ ఎందుకని.

"సార్, ఎర్త్ వెయ్యనిదే ఎక్కను" అన్నాను.

ఈ ముక్క రాయడం ఇప్పుడు తేలికే. అప్పుడు గొంతు పీలగా, ఆడపిల్ల గొంతులా వచ్చింది. సారు జనం ముందే తిట్టాడు. భయమైతే ఈ ఉద్యోగం ఎందుకు, చీర కట్టుకుని ఇంట్లో కూర్చో అన్నాడు. "భయమే సార్" అన్నాను. రెండేళ్లుగా దాచుకున్న మాట, అంతమంది ముందు బయటపడిపోయింది. విచిత్రం ఏమిటంటే, అది అనేశాక మోకాళ్ల వణుకు కొంచెం తగ్గింది.

సణుగుతూనే మా హెల్పరు రాడ్లు విప్పాడు. తడి నేలలో గూటం దింపి, కింది క్లాంపు బిగించి, మొదటి తీగకి తగిలించాం. ఏమీ లేదు. సారు నవ్వాడు. రెండో తీగకి కొక్కెం దగ్గరికి తీసుకెళ్లాను, పట్‌మని నీలం మెరుపు. జనం వెనక్కి దూకారు. అదే క్షణంలో ఊళ్లో ఏదో చప్పుడు ఆగిపోయింది. సాయంత్రం నుంచీ దూరంగా దడదడమని ఒకటే మోత, అది అక్కడుందని మాలో ఎవరికీ పట్టలేదు. ఆగిపోయాకే వినిపించింది.

జనరేటరు. కిరాణా కొట్టు ఆయన మనిషికి ఇరవై రూపాయలు తీసుకుని ఫోన్లకి చార్జింగ్ పెడుతున్నాడు. పాపం ఆయనకేం తెలుసు, జనరేటరు వైరు తెచ్చి ఇంటి మెయిన్‌లోనే కలిపేశాడు, మెయిన్ ఆపకుండా. ఆ కొట్టు ట్రాన్స్‌ఫార్మర్ పక్కనే. అవతల ఇళ్లకి వెళ్లే తీగలు తెగి ఉన్నాయి కాబట్టి, ఆ కరెంటుకి మిగిలిన దారి ట్రాన్స్‌ఫార్మర్ ఒక్కటే. ఇంట్లోకి వచ్చేటప్పుడు పదకొండు వేలని తగ్గించే ట్రాన్స్‌ఫార్మర్, వెనక్కి వెళ్లేటప్పుడు 230 వోల్టుల్ని వేలల్లోకి పెంచుతుంది. నేను చెయ్యి పెట్టబోయిన తీగ మీదికే.

కొట్టు ఆయన పరుగెత్తుకుంటూ వచ్చి, సంగతి తెలిశాక మట్టిలో కూలబడ్డాడు. సారు ఆయన్ని చాలాసేపు తిట్టాడు. ముసలమ్మ నాకు చెంబుతో నీళ్లు తెచ్చిచ్చింది. జనరేటరు వైరు పీకించి, మూడు తీగలకీ ఎర్త్ వేసి, అప్పుడు ఎక్కాను. టార్చి వెలుగులో జంపర్లు బిగించాను. అప్పుడు కూడా భయం వేసింది, అబద్ధం ఎందుకు. ఒక నట్టు చేతిలోంచి జారి కింద పడిపోయింది కూడా. కాని చేతులు పని చేస్తున్నాయి, అది చాలు.

ఆ కర్రలు నాకు చూపించింది దేవుడే అంటాను. మీరు యాదృచ్ఛికం అనుకుంటే నాకేం అభ్యంతరం లేదు. తిరిగొచ్చేటప్పుడు బస్సులో సారు నా పక్క సీట్లో కూర్చుని, చాలాసేపు కిటికీలోంచి చూసి, "ఆ కర్ర సంగతి నీకెలా తట్టిందయ్యా" అని అడిగాడు. కీర్తన చెప్పాను. ఆయన ఏటా తిరుపతి కొండకి నడిచి వెళ్లే మనిషి. "ఏ దేవుడైతే ఏముందిలే" అన్నాడు. ఆ మాట నాకు అంతగా నచ్చలేదు గాని ఊరుకున్నాను. క్షమాపణ అడగడం ఆయనకి అలా వచ్చింది అనుకున్నాను.

అప్పటినుంచి నేను బైబిల్లో "భయపడకుము" అని ఉన్న ప్రతిచోటా ఆ పక్క వాక్యం కూడా చదువుతున్నాను. యెహోషువ మొదటి అధ్యాయం చూడండి. "నిబ్బరముగలిగి ధైర్యముగా ఉండుము" అని ఒక్క అధ్యాయంలో నాలుగుసార్లు, మూడుసార్లు దేవుడు, ఒకసారి జనం. భయం లేని మనిషికి అన్నిసార్లు ఎవరు చెబుతారు? అంత చెప్పించుకున్న యెహోషువ రెండో అధ్యాయంలో చేసిన మొదటి పని ఏమిటి? యెరికోకి ఇద్దరు వేగులవాళ్లను పంపాడు. దేవుడు తోడున్నాడని చెప్పాక కూడా ముందు చూసి రమ్మన్నాడు. యెరూషలేము గోడ కట్టించిన నెహెమ్యా అయితే ప్రార్థనా చేశాడు, రాత్రింబగళ్లు కాపలా కూడా పెట్టాడు. ఏలీయా ప్రవక్త భయపడి అడవిలోకి పారిపోయి చచ్చిపోతానంటే దూత వచ్చి ప్రసంగం చెయ్యలేదు, లేచి భోంచెయ్యి అన్నాడు. రొట్టె, నీళ్లు పెట్టాడు. రెండుసార్లు. మైకు పట్టుకున్న మన దైవజనులు ఈ భాగం ఎందుకు చదవరో.

మొన్నామధ్య కొత్తగా వచ్చిన కాంట్రాక్టు కుర్రాడొకడు, మా సంఘం వాడే, బండి మీద 91వ కీర్తన స్టిక్కరు వేసుకుని తిరుగుతున్నాడు. గ్లౌజులు వేసుకోరా అంటే, "దూతలు చేతుల మీద ఎత్తి పట్టుకుంటారు అన్నా" అని నవ్వాడు. నాకు ఒళ్లు మండింది. మత్తయి నాలుగో అధ్యాయం తీసి చూడరా, ఆ కీర్తనలోని ఆ మాటని యేసు ప్రభువు ముందు అప్పజెప్పింది అపవాది, అంటే సైతాను అన్నాను. దేవాలయ శిఖరం మీద నిలబెట్టి, ఎత్తునుంచి దూకమన్నవాడు వాక్యం చెప్పి మరీ దూకమన్నాడు. "ప్రభువైన నీ దేవుని నీవు శోధింపవలదు" అని ఆయన దూకలేదు. ఎత్తుల మీద పనిచేసే మనకోసమే రాసినట్టుంది ఆ అధ్యాయం. కుర్రాడు తల గోక్కున్నాడు. ఆ గ్లౌజులు వాడి చేతులకి పెద్దవి, వేళ్ల చివర్లు మడత పడతాయి. సరైన సైజు కోసం ఎన్నిసార్లు అడిగినా వచ్చేవి అవే, అది రాస్తూ కూర్చుంటే ఇంకో పేజీ అవుతుంది.

నాయనమ్మ 2016లో పోయింది. హుద్‌హుద్ నుంచి వచ్చాక ఆమెకి ఎర్త్ రాడ్ ఫోటో ఫోన్లో చూపించాను. కళ్లు చికిలించి చూసి, "గొర్రెలోళ్ల కర్ర ఇంత పొడుగుండదురా, తోలేవోడికి బరువు" అంది. అంతే, మళ్లీ వక్క నములుకుంటూ కూర్చుంది.

ఆ కథ నేను జట్టులో చాలాసార్లు చెప్పి ఉంటాను, వాళ్లకి విసుగు పుట్టేదాకా. ఇప్పుడు మా దగ్గర ఎర్త్ రాడ్‌ని ఎవరూ ఎర్త్ రాడ్ అనరు. నిన్న గాలివానకి చెట్టు కొమ్మ పడి ఫీడరు పోయింది. బయల్దేరుతుంటే మా మస్తాను వ్యాన్ ఎక్కబోతూ ఆగి, "అన్నా, దుడ్డుకర్రలు ఎక్కించారా?" అని అడిగాడు. ఎక్కించలేదు. దిగి తెచ్చుకున్నాం.